136 దగ్గర ఆపు

మా ఇంట్లో బీరువా అడుగు అరలో, పాత పెళ్లి కార్డుల కట్ట కింద ఒక ల్యాబ్ రికార్డు ఉంది. అట్ట మీద ‘ఎలక్ట్రానిక్ డివైసెస్ అండ్ సర్క్యూట్స్’ అని అచ్చేసి ఉంటుంది గానీ లోపల ఆ సబ్జెక్టు తాలూకు ముక్క ఒక్కటీ లేదు. పేజీ నిండా స్కేలు పెట్టి గీసిన గళ్లు. మొదటి గడిలో బొమ్మ పేరు, రెండో దాంట్లో ఎపిసోడ్లు ఎన్ని, మూడో దాంట్లో ఎవడు తెచ్చాడు. ఆ తర్వాత నాలుగు గడులు: మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల, పేట.

ఊళ్ల పేర్లు కావవి, మా పేర్లే. హాస్టల్లో ఎవణ్ణీ కన్నవాళ్లు పెట్టిన పేరుతో పిలిచిన పాపాన పోలేదు. ఏ ఊరి బస్సు దిగితే అదే పేరు. నాది నరసరావుపేట కాబట్టి నేను పేట. ఊళ్లోనే ఇల్లున్నా హాస్టల్లో ఎందుకున్నావురా అని అడక్కండి. ఇంట్లో ఉంటే రాత్రి పదికి లైటు తీసేస్తారు.

ఆ నాలుగు గడుల్లో రాసినవే మా తీర్పులు. ‘చూడు.’ ‘వద్దు.’ ‘మొదటి ఐదూ ఓర్చుకో, తర్వాత నువ్వే ఆపలేవు.’ ‘పరీక్షలయ్యాక చూడు.’ ‘ఇంట్లో వాళ్లున్నప్పుడు చూడొద్దు.’ ఒక గడిలో అయితే ‘మాచర్ల మాట వినకు’ అని మాత్రమే ఉంది. అది పిడుగురాళ్ల చేతిరాత. ఇదంతా 2007కీ 2010కీ మధ్య, పల్నాడు ఇంకా గుంటూరు జిల్లాలో భాగంగా ఉన్న రోజుల్లో, జపాన్ బొమ్మల కథల గురించి నలుగురు ఇంజినీరింగ్ కుర్రాళ్లు రాసుకున్న సంగతి.

యానిమే అనే మాటే మాకు సరిగ్గా పలకడం రాదు. ‘ఎనిమ్’ అన్నాం చాన్నాళ్లు. ఇంట్లో వాళ్లకి అదీ లేదు. వాళ్ల లెక్కలో అవి చైనా బొమ్మలు. ‘మీసాలొచ్చాయి, ఇంకా కార్టూన్లేందిరా’ అని మా నాన్న ఒక్కసారి కాదు, ప్రతి ఆదివారం అన్నాడు. నిజానికి ఆయన మా కంటే ముందే చూశాడు. 1993 ప్రాంతంలో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున ‘జంగిల్ బుక్’ వచ్చేది కదా, అది జపాన్‌వాళ్లు 1989లో తీసిన 52 ఎపిసోడ్ల యానిమేనే. నిప్పన్ యానిమేషన్ అనే కంపెనీ తీసింది. హిందీలో దానికి పాట రాసింది గుల్జార్, బాణీ కట్టింది విశాల్ భరద్వాజ్, షేర్ ఖాన్‌కి గొంతిచ్చింది నానా పటేకర్. మాకివేవీ తెలియదు. మౌగ్లీ మన అడవిలో పిల్లోడు, అంతే.

వచ్చిన చిక్కల్లా హిందీ. మా వీధిలో టీవీ ఉన్న ఇల్లు ఒక్కటే, దాని ముందు పాతికమంది పిల్లలం. అందులో హిందీ అర్థమయ్యేది ఒక్కడికి, వీధి చివర ముస్లింల ఇంటి అబ్బాయికి. వాళ్లింట్లో ఉర్దూ మాట్లాడతారు కాబట్టి వాడే మా దుబాసీ. మధ్యలో కూచునేవాడు. బఘీరా ఏదో అనగానే పాతిక తలకాయలూ వాడి వైపు తిరిగేవి. వాడు తాపీగా, ‘ఊళ్లోకి పోవద్దంటున్నాడు’ అని చెప్పేవాడు. ఒక్కోసారి వాడికీ తెలిసేది కాదు. తెలీదని ఒప్పుకుంటే కుర్చీ పోతుంది కాబట్టి సొంతంగా కల్పించేవాడు. నేను చాలా ఏళ్ల తర్వాత ఆ బొమ్మ మళ్లీ చూస్తే, మా వాడు చెప్పిన కథే బాగుందనిపించింది. పరాయి భాష బొమ్మని పక్కవాడి నోటి మీదుగా చూడటం మాకు అక్కడే అలవాటైంది. తర్వాత కార్టూన్ నెట్‌వర్క్‌లో పోకెమాన్ వచ్చింది, అదీ హిందీలోనే. చిప్స్ ప్యాకెట్లలో ఇచ్చే టాజో బిళ్లల కోసం కడుపులు పాడుచేసుకున్నాం. అంతకు మించి దాని గురించి చెప్పుకోడానికి ఏమీ లేదు.

అసలు కథ హాస్టల్లో మొదలైంది. పిడుగురాళ్ల వాళ్ల నాన్నగారికి సున్నం బట్టీ ఉండేది. లెక్కలు పంపించుకోడానికి బట్టీ ఆఫీసులో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ పెట్టించారు. నెలకి ఐదొందల ప్లాను. పగలు వాడితే రెండున్నర జీబీ దాటగానే బిల్లు వాచిపోతుంది. కానీ రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా ఎంత లాగినా లెక్క లేదు. ఆ ఆరు గంటలే మాకు దేశానికొచ్చిన స్వాతంత్ర్యం. వాడు శనివారం ఊరెళ్లి, ఆఫీసు తాళం దిండు కింద పెట్టుకుని, రెండింటికి అలారం పెట్టుకుని లేచేవాడు. కంప్యూటర్ మీద సున్నం పొర, రూటర్ మీద సున్నం పొర. కీబోర్డు తిరగేసి తడితే విభూతి రాలినట్టు రాలుతుండేదట. డౌన్‌లోడ్ పెట్టి అక్కడే బల్ల మీద పడుకునేవాడు. కరెంటు పోకుండా ఉంటే తెల్లారేసరికి పది, పన్నెండు ఎపిసోడ్లు దిగేవి. పోతే ఆ వారం మాకు పస్తే.

సోమవారం పొద్దున వాడు బస్సు దిగడం ఇప్పటికీ కళ్లకి కడుతుంది. మల్లమ్మ సెంటర్‌లో మేము ముగ్గురం ఎదురుచూస్తుంటే, వాడు కిటికీలోంచే వేళ్లు చూపించేవాడు. రెండు వేళ్లయితే రెండు ఎపిసోడ్లని కాదు, రెండు పెన్‌డ్రైవ్‌లు నిండాయని. రెండు జీబీ పెన్‌డ్రైవ్‌లో పదకొండు ఎపిసోడ్లు పడతాయి, పన్నెండోది పట్టదు. ఈ లెక్క మాకు ఎక్కాల్లాగా వచ్చు. డెత్ నోట్ 37 ఎపిసోడ్లు, అంటే మూడు నిండు పెన్‌డ్రైవ్‌లు, పైన నాలుగు. కోడ్ గియాస్ రెండు భాగాలూ కలిపి 50. బ్లీచ్ సంగతి తలుచుకుంటేనే భయమేసేది, అప్పటికే రెండొందలు దాటి ఇంకా నడుస్తోంది.

ఒక బొమ్మ బాగుందని చెప్పడం అప్పట్లో ఊరికే వచ్చేది కాదు. ‘చూడరా బాగుంటది’ అన్నావంటే, అవతలివాడు పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాటలు చెరిపెయ్యాలి. పిడుగురాళ్ల ఒక రాత్రి నిద్ర చెడగొట్టుకోవాలి. తీరా అది చెత్తదైతే ఆ వారం మెస్సులో నీ పక్కన ఎవడూ కూచోడు. నేను ఒకసారి పేరు చూసి మోజుపడి ఒకటి తెప్పించాను. అది ఎనిమిదేళ్ల ఆడపిల్లలు చూసే మిఠాయి కొట్టు కథ. రికార్డులో ఆ వరసలో నా గడిలో ఏమీ లేదు, మిగతా మూడు గడుల్లోనూ ఉన్న మాటలు ఇక్కడ రాయలేను. నెలరోజులు నాకు ‘తెచ్చే హక్కు’ తీసేశారు. మూడో గడిలో పేరు రాయించుకోవడం మా దగ్గర చిన్న విషయం కాదు మరి.

ఇక గ్రాఫు. రికార్డు చివర గ్రాఫ్ షీట్లు కుట్టి ఉంటాయి కదా, ల్యాబ్‌లో డయోడ్ వంపు గీయడానికి. గురజాల వాటిని వృథా కానిచ్చేవాడు కాదు. నరుటో మొదటి భాగం 220 ఎపిసోడ్లకీ వాడు గ్రాఫు గీశాడు. అడ్డంగా ఎపిసోడ్ నంబరు, నిలువుగా ‘ఊపు’. పెన్సిల్‌తో, నున్నగా. మొదట్లో గుట్టలు గుట్టలుగా లేచి, చూనిన్ పరీక్షల దగ్గర కోటప్పకొండ అంత ఎత్తుకు పోయి, 135 దాకా పైపైనే ఆడుతుంది. అక్కడ నరుటో స్నేహితుడు సాసుకే వెళ్లిపోతాడు. 136 నుంచి గీత నేల మీద పడుకుంటుంది. ఒకటి రెండు చోట్ల తల ఎత్తబోయి మళ్లీ పడుతుంది. 219 దాకా అంతే. ఆ బల్లపరుపు పక్కనే ఎర్ర బాల్‌పెన్నుతో ‘136 దగ్గర ఆపు. షిప్పుడెన్‌కి దూకు. ఇది అన్న మాట’ అని రాశాడు. షిప్పుడెన్ అంటే నరుటో రెండో భాగం.

ఎందుకలా పడిపోతుందో వాడికి తెలుసు. నరుటో జపాన్‌లో ముందు వారపత్రికలో బొమ్మల కథగా వచ్చేది. మసాషి కిషిమోటో వారం వారం గీస్తుంటే, టీవీవాళ్లు వెనకాలే తీసుకుంటూ వచ్చి ఆయన్ని పట్టేశారు. ఇక తీయడానికి కథ లేదు, ఆయన ఇంకా రాయలేదు. ఆపితే టీవీలో చోటు పోతుంది. అందుకని వాళ్లే సొంతంగా కల్పించుకుని ఏడాదిన్నరకు పైనే నడిపించారు. దీన్నే ఫిల్లర్ అంటారు. మా గురజాల దీనికి పెట్టిన పేరు ‘నీళ్ల మజ్జిగ’. మెస్సు మజ్జిగ తాగినవాళ్లకి ఆ ఉపమానం విప్పి చెప్పక్కర్లేదు.

ఆ గ్రాఫు మా వింగులో గది నుంచి గదికి తిరిగింది. జూనియర్లు జెరాక్సు తీయించుకున్నారు. ఇంటర్నల్స్‌లో గ్రాఫు తప్పు గీసి మార్కులు పోగొట్టుకున్నవాడి చేత అంత మంచి గ్రాఫు ఏ లెక్చరరూ గీయించలేకపోయారు.

మాచర్లకీ గురజాలకీ ఒక్క విషయంలోనూ పడేది కాదు. ఇది చరిత్రలో ఉన్నదే. పన్నెండో శతాబ్దంలో మలిదేవరాజుది మాచర్ల, నలగామరాజుది గురజాల. అటు బ్రహ్మనాయుడు, ఇటు నాగమ్మ. కోడిపందెంలో ఓడి మాచర్లవాళ్లు అడవులు పట్టారు, చివరికి కారంపూడిలో యుద్ధం. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత మా రూములో అదే యుద్ధం డెత్ నోట్ మీద నడిచింది.

డెత్ నోట్ చూడనివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. లైట్ అనే తెలివైన కుర్రాడికి ఒక పుస్తకం దొరుకుతుంది. అందులో ఎవడి పేరు రాస్తే వాడు చస్తాడు. దుర్మార్గుల్ని చంపుకుంటూ పోతాడు. వాణ్ణి పట్టుకోడానికి ఎల్ అనే డిటెక్టివ్ వస్తాడు. కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూచుని, మిఠాయిలు తింటూ ఆలోచిస్తుంటాడు. మాచర్ల లైట్ పక్షం. ‘దుర్మార్గుణ్ణే కదరా చంపేది, తప్పేంది? కోర్టుకెళ్తే ఎప్పటికి తేలుద్ది?’ అనేవాడు. పల్నాడులో పుట్టినవాడి నోట ఆ మాట వింటే నవ్వులాటగా ఉండదు. పేర్లు రాసి పెట్టుకుని చంపుకోవడం ఆ నేలకి కొత్త కాదు. గురజాల అప్పుడు గొంతు పెంచకుండా, ‘ఎవడు దుర్మార్గుడో రాసేది ఎవడు బావా?’ అనేవాడు. వాళ్ల పెదనాన్న ఊరి గొడవల్లో ఊరొదిలి మిర్యాలగూడలో స్థిరపడ్డాడని మాకు తెలుసు. ఒకసారి ఆ మాట అన్నాక కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. ఆ తర్వాత పిడుగురాళ్ల, ‘ముందు ఈ బిస్కెట్లెవడు తిన్నాడో తేల్చండ్రా’ అన్నాడు.

తమాషా ఏంటంటే, నాగమ్మ దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ జెండాలు మార్చేవాళ్లు. ఎత్తుల మీద ఎత్తులేసే లైట్‌ని తిట్టిన గురజాలే, ‘మా నాగమ్మని సినిమాల్లో విలన్‌ని చేసి కూచోబెట్టారు. ఆడమనిషి మంత్రిగా ఉండి రాజ్యం నడిపితే ఓర్చుకోలేక’ అనేవాడు. 1966లో వచ్చిన ‘పల్నాటి యుద్ధం’లో నాగమ్మగా భానుమతి, బ్రహ్మనాయుడుగా రామారావు. ఆ సినిమా గురజాల వాళ్లమ్మగారు నాలుగుసార్లు చూశారట. మాచర్ల ఊరుకుంటాడా, ‘బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడు, అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూచోబెట్టి తినిపించాడు, మీ నాగమ్మ ఏం పెట్టింది?’ అని తగులుకునేవాడు. నిజం చెప్పాలంటే ఆ గదిలో మాదీ చాపకూడే. నాలుగు రకాల ఇళ్ల నుంచి వచ్చిన నలుగురం, ఒకే చాప, మధ్యలో ఒక్క ల్యాప్‌టాప్, వాళ్లింటి అరిసెలు వీళ్లింటి జంతికలు. ఎవడు ఎవడి పళ్లెంలో చెయ్యి పెడుతున్నాడో చూసుకునే తీరిక లేదు. కళ్లన్నీ కింద వచ్చే సబ్‌టైటిల్స్ మీదే.

సబ్‌టైటిల్స్ అంటే గుర్తొచ్చింది. అవి కంపెనీలు వేసినవి కావు. ఏ దేశంలోనో ఎవరో అభిమానులు, పైసా తీసుకోకుండా, జపాన్‌లో బొమ్మ వచ్చిన రెండు మూడు రోజులకే ఇంగ్లీషులోకి మార్చి వదిలేవాళ్లు. కొన్ని మాటలు మార్చకుండా వదిలేసి, తెర పైభాగంలో చిన్న అక్షరాలతో అర్థం రాసేవాళ్లు. మా ఇంగ్లీషు అంతంత మాత్రం, మధ్యలో ఆపి డిక్షనరీ చూసుకునేవాళ్లం. మా నలుగురిలో ఎవడికైనా జీఆర్ఈలో మంచి స్కోరు వచ్చిందంటే అది కోచింగ్ సెంటర్ గొప్ప కాదు. ఇక జపాన్ మాటలు ఎన్ని అంటుకున్నాయో! ల్యాబ్ అటెండర్ సెన్సేయ్, సీనియర్ సెన్‌పాయ్. మెస్సులో వంటాయన్ని మాచర్ల రోజూ ‘సెన్సేయ్, ఇంకో గరిటె’ అని అడిగేవాడు. ఆయన తన ఇంటిపేరు తప్పు పలుకుతున్నాడనుకుని రెండేళ్లు సరిదిద్దుతూనే ఉన్నాడు.

ఇదంతా దొంగసరుకే. పేరు మార్చి చెప్పను. పేటలో డబ్బు పెట్టి కొందామన్నా ఏ షాపులోనూ దొరకవన్నది నిజమే గానీ, దొరికితే కొనేవాళ్లమా అంటే అప్పటి మా జేబులు చూసిన ఎవరూ అవునని చెప్పరు.

థర్డ్ ఇయర్‌లో మాచర్ల మమ్మల్ని కారంపూడి తీసుకెళ్లాడు, వీరుల తిరునాళ్లకి. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు జరుగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. నాగులేరు ఒడ్డున వీరుల గుడి, వాళ్ల ఆయుధాలు, వాటిని కొణతాలంటారు. వీరవిద్యావంతులు యుద్ధ కథ పాడుతూ ఉంటారు, రోజుకో ఘట్టం. ‘ఐదు ఆర్కులు!’ అన్నాడు పిడుగురాళ్ల. యానిమే భాషలో ఒక పెద్ద ఘట్టాన్ని ఆర్క్ అంటాం. వాడు చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. ఆ కథలోని బాలచంద్రుడు అచ్చం మా బొమ్మల్లో కుర్రాడే. చిన్న వయసు, వద్దన్నా వినడు, యుద్ధానికి ఉరుకుతాడు.

కానీ నాకు గుర్తుండిపోయింది మాచర్ల వాళ్ల తాతగారు. ఆయనకి అప్పటికే డెబ్బై దాటాయి. ప్రతి ఏడూ ఆ కథ వింటాడు. అలరాజు రాయబారం వెళ్తున్న ఘట్టం వచ్చేసరికి పైపంచతో కళ్లొత్తుకోవడం మొదలుపెట్టాడు. ఇంకా ఏమీ కాలేదు, రాయబారి బయల్దేరాడంతే. విషం పెడతారని ఆయనకి తెలుసు, చుట్టూ ఉన్న వెయ్యిమందికీ తెలుసు. మేమేమో అప్పటికి రెండు నెలల ముందు, డెత్ నోట్ 25వ ఎపిసోడ్‌లో ఏమవుతుందో మాచర్ల నోరు జారి చెప్పేశాడని వాడితో మూడు రోజులు మాట్లాడలేదు. కథ ముందే తెలిస్తే రుచి చచ్చిపోతుందని మా వాదన. ఇక్కడ చూస్తే, కథ బాగా తెలిసినవాళ్లే ముందు వరసలో కూచున్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మాచర్ల కిటికీ వైపు తిరిగి, ‘మా తాతకి ఎన్నిసార్లు స్పాయిల్ అయ్యుంటదో చూశారా’ అన్నాడు. ఆ దెబ్బతో వాడి తప్పు మాఫ్ చేశాం.

ఇంట్లో వాళ్లకి చూపించాలనే సాహసం నేను ఒక్కసారే చేశాను. అది ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’, 1988 నాటి సినిమా, ఇసావో తకహాతా తీసింది. యుద్ధంలో ఇల్లూ తల్లీ పోయిన అన్నా చెల్లెలి కథ. ఫిబ్రవరి నెల. అమ్మ వరండాలో మిరపకాయల్లో తాలుకాయలు ఏరుతోంది. ఇల్లంతా ఘాటు. కరెంటు పోయింది, ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉంది. నేను గోడకానుకుని చూస్తుంటే, ‘ఆ పిల్ల ఎందుకట్టా ఏడుస్తంది?’ అంది. నాలుగేళ్ల చెల్లెలు, పేరు సెత్సుకో. ‘ఆకలి’ అన్నాను. అమ్మ చేతిలో కాయ పక్కన పెట్టి జరిగి కూచుంది. ఒక్క మాట జపాన్ భాష రాదు, ఇంగ్లీషు చదవలేదు, నేను చెప్పడం కూడా మానేశాను. చిన్నప్పటి దుబాసీ పని నాకు చేతకాలేదో, అక్కర్లేకపోయిందో. చివర్లో అన్న ఆ పిల్ల బూడిదని పళ్ల బిళ్లల డబ్బాలో పోస్తాడు. అంతకు ముందు ఆ డబ్బాలోంచే బిళ్లలు తీసి పిల్లకి పెట్టాడు. అమ్మ డబ్బా వంకే చూస్తూ, ‘ఒక్కటన్నా మిగిలిందా అందులో?’ అంది. బ్యాటరీ అయిపోయింది. మిరప ఘాటుకి కళ్లు మండుతున్నాయని చెప్పి ఇద్దరం లోపలికి పోయాం. రికార్డులో ఆ వరసలో నా గడి పక్కన ఇంకో చిన్న గడి గీసి ‘అమ్మ’ అని రాశాను. తీర్పు: ‘ఇట్టాటియ్యి తేమాకు.’

2009లో నలుగురం తలా వెయ్యి చొప్పున వేసుకుని 500 జీబీ హార్డ్ డిస్క్ కొన్నాం. ఇక పెన్‌డ్రైవ్ లెక్కలు తీరాయి. డిస్క్ వారానికొకరి దగ్గర, వంతులవారీగా. ఆ నవంబరులోనే పిడుగురాళ్ల ‘మాన్‌స్టర్’ దించాడు. 74 ఎపిసోడ్లు. జర్మనీలో పనిచేసే జపాన్ డాక్టరు, మెదడు ఆపరేషన్లు చేస్తాడు. పెద్దమనిషిని పక్కన పెట్టి ముందొచ్చిన పిల్లాడి ప్రాణం నిలబెడతాడు. ఆ పిల్లాడు పెరిగి హంతకుడవుతాడు. ఆ డాక్టరు ఏం చెయ్యాలి? మా తరాజుకి అందని బరువది. రోజుకి నాలుగేసి చొప్పున చూస్తూ 44 దగ్గరికొచ్చాం.

అప్పుడొచ్చింది డిసెంబరు. 9వ తేదీ రాత్రి ఢిల్లీలో తెలంగాణ ప్రకటన, మర్నాటి నుంచి ఇటువైపు సమైక్యాంధ్ర బంద్‌లు. కాలేజీలు మూశారు, హాస్టల్ ఖాళీ చేయించారు, బస్సులు ఆగాయి. డిస్క్ వంతు పిడుగురాళ్లది. రాష్ట్రం రెండు ముక్కలవుతుందా లేదా అని ఊరంతా టీవీల ముందు కూచుంటే, నేను మాత్రం 45లో ఏమవుతుందో అని కొట్టుకులాడాను. ఫోన్ చేసి అడిగితే వాడు, ‘చెప్పను మామా, చూడాల్సిందే’ అని పెట్టేసేవాడు. రెండు వారాల తర్వాత ఒక తెల్లవారుజామున మా ఇంటి తలుపు తట్టారు. పిడుగురాళ్ల. రాత్రిపూట కదిలిన సున్నం లారీలో వచ్చాడు. తలా కనుబొమలూ తెల్లగా, పాత సినిమాల్లో ముసలి వేషం వేసినట్టు ఉన్నాడు. చంకలో తువ్వాలు చుట్టిన డిస్క్. అమ్మ నీళ్లు తోడుతూ, ‘ఏంది నాయనా అంత అవసరం?’ అంటే, ‘రికార్డులత్తయ్యా’ అన్నాడు. అబద్ధం కాదుగా.

ఆ మూడు రోజుల్లో మిగతా 30 చూసేశాను. మాచర్లకి కూడా ఎక్కించి పంపాను. గురజాలకి ఎక్కిస్తుండగా కరెంటు పోయి, చీకట్లో లేవబోయి కేబుల్‌కి కాలు తగిలించుకున్నాను. డిస్క్ బల్ల మీంచి పడింది. మళ్లీ పెడితే లోపల టక్, టక్, టక్ అని చప్పుడు. గోడ గడియారం మింగినట్టుంది. పేటలో చూపించాం, గుంటూరులో చూపించాం, లాభం లేకపోయింది. నలుగురి మూడేళ్ల పోగు పోయింది. ఎవడూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. గురజాలకి ‘నేను తెచ్చిస్తాలేరా’ అన్నాను. ఫైనల్ ఇయర్, ప్రాజెక్టు, తర్వాత అమీర్‌పేట కోచింగులు, ఉద్యోగాలు.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. సెల్లు ఉన్న ప్రతివాడి చేతికీ మా పిడుగురాళ్ల ఆరు గంటల రాత్రి వచ్చేసింది, అదీ పట్టపగలు. నరుటో షిప్పుడెన్ ఆ మరుసటి ఏడాది మార్చిలో 500వ ఎపిసోడ్‌తో ముగిసింది. ఆ సంగతి మా వాట్సాప్ గ్రూపులో ఎవరూ పెట్టలేదు, నేనూ పెట్టలేదు. ఇప్పుడు జపాన్ బొమ్మలు తెలుగులో మాట్లాడుతున్నాయి. 2025 సెప్టెంబరు 12న ‘డెమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ తెలుగు డబ్బింగుతో థియేటర్లలోకి వచ్చింది. హైదరాబాదులో చూశాను. హాలు నిండా కుర్రాళ్లు, ఈలలు, మన హీరో సినిమా మొదటి ఆటలాగే. నా పక్కన కూచున్న అబ్బాయి ఒంటరిగా వచ్చాడు, నేనూ ఒంటరిగానే వెళ్లాను. ఇంటర్వెల్‌లో ఇద్దరం ఫోన్లు చూసుకున్నాం.

మొన్న మా అక్క కొడుకు, తొమ్మిదో తరగతి, ‘మామయ్యా, నరుటో మొదలుపెట్టా’ అన్నాడు. నేను ఉత్సాహంగా లేచి బీరువా తెరవబోయాను. ‘136 దగ్గర ఆపాలి కదా, తెలుసు మామయ్యా, ఫిల్లర్ల లిస్టు ఫోన్‌లో ఉంది’ అన్నాడు. అయినా గ్రాఫు చూపించాను. వాడు చాలాసేపు చూసి, ‘ఇది ఏ యాప్‌లో గీశారు?’ అన్నాడు. వెక్కిరింపు కాదు, వాడికి నిజంగానే నచ్చింది. ఫొటో తీసుకున్నాడు.

గ్రాఫు పక్క పేజీలోనే మాన్‌స్టర్ వరస ఉంది. పిడుగురాళ్ల: ‘చూడు.’ మాచర్ల: ‘రెండుసార్లు చూడు.’ పేట: ‘ఇంత మంచిది మళ్లీ రాదు.’ గురజాల గడి ఖాళీ. 2014లో మాచర్ల పెళ్లిలో కలిసినప్పుడు అడిగాను, చూశావురా అని. ‘నువ్వు తెస్తానన్నావుగా’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఎక్కడో ఒకచోట వెతుక్కుని చూసెయ్యడం వాడికి పెద్ద పనేం కాదు.

ఈ శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకి నలుగురం కలవాలనుకున్నాం. గురజాల వస్తానన్నాడు. 45 నుంచి 74 దాకా ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, రికార్డు లోపల పెట్టాను. వాడి ల్యాప్‌టాప్‌కి పెన్‌డ్రైవ్ పెట్టే చోటు ఉందో లేదో ఇంకా అడగలేదు.